మిల్లుకు నాలుగో యాక్సిస్ పెడితే లేతు అవసరం తీరుతుందా?

ఇత్తడిప్రియ:
నా దగ్గర 3018 సైజు (పని స్థలం సుమారు 300 x 180 మి.మీ.) హాబీ సీఎన్‌సీ, అంటే కంప్యూటర్‌తో నడిచే, మిల్లు ఉంది. 20 మి.మీ. ఇత్తడి, అల్యూమినియం రాడ్డుతో నాబులు, బుష్‌లు (నడుమ రంధ్రం ఉన్న గొట్టం ముక్కలు) చేసుకోవాలి. నాలుగో యాక్సిస్‌గా రాడ్డును తిప్పే రోటరీ కిట్ ఒకటి చూశాను, దానికి రాడ్డును పట్టే త్రీ జా చక్, మోటారు ఆరు చుట్లకు చక్ ఒక చుట్టు తిరిగే 6:1 బెల్టు ఉన్నాయి. స్పిండిల్ (మిల్లులో కోసే టూల్‌ను తిప్పే భాగం) ఆపేసి, దాని పక్కన లేతు టూల్ బిట్ బిగించి, రాడ్డును ఈ చక్‌తో తిప్పితే టర్నింగ్ అయిపోతుంది కదా, ఇంకా లేతు కొనడం దండగ అంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాతటర్నర్:
కాదనే అంటానండీ. లేతు పని లేతు మీదే చెయ్యాలి. ఆ మిల్లు ఫ్రేమ్ సన్నటి అల్యూమినియం సెక్షన్, టూల్ ఆనగానే వణుకుతుంది, ఫినిష్ రాదు. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో లేతు షాపులో డ్రాయింగ్ ఇచ్చి చేయించుకోండి. నాలుగో యాక్సిస్ బొమ్మలు చెక్కుకోవడానికే పనికొస్తుంది.

గ్యారేజ్‌మిల్లు:
టూల్ బిట్ పద్ధతి వద్దన్నది నూటికి నూరుపాళ్లు నిజం అన్నా, కానీ బొమ్మలకే అంటే ఒప్పుకోను.

ముందు లెక్క చూడండి. చక్‌ను తిప్పే స్టెప్పర్ మోటారుకు చుట్టుకు 200 స్టెప్పులు, ఒక్కో స్టెప్పుకు 16 మైక్రోస్టెప్పులు, 6:1 బెల్టు, అంటే చక్ ఒక్క చుట్టు తిరగడానికి 19,200 పల్సులు. ఊనో కంట్రోల్ బోర్డు మీద మిల్లును నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్ సెకనుకు ఇచ్చేది సుమారు 30,000 పల్సులు. అంటే నిమిషానికి 94 చుట్లు, 20 మి.మీ. రాడ్డు మీద కోత వేగం నిమిషానికి 6 మీటర్లు కూడా రాదు. అల్యూమినియానికి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో 100 మీటర్లు కావాలనుకుంటే 1,600 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1,600 చుట్లు, తిరగాలి. మైక్రోస్టెప్పులు తగ్గించి వేగం పెంచుదామంటే స్టెప్పర్ టార్క్ పడిపోతుంది. బొమ్మలన్నారు కాబట్టి చెబుతున్నా, ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క అంటుకునేది కూడా వేగంగా తిరిగేటప్పుడు పుట్టే రాపిడి వేడితోనే, ఈ చక్‌తో అదీ కుదరదు.

అందుకే స్పిండిల్ ఆపకండి. 6 మి.మీ. ఎండ్‌మిల్లు (అంచుతో, అడుగుతో కోసే కట్టర్) 8,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే కోత వేగం అదే 150 మీటర్లు ఇస్తుంది, చక్ ఫీడ్ మాత్రమే ఇవ్వాలి, అంటే రాడ్డును కట్టర్‌కు నెమ్మదిగా అందించాలి. నిమిషానికి 300 మి.మీ. ఫీడ్‌కు 20 మి.మీ. రాడ్డు నిమిషానికి 5 చుట్లు తిరిగినా చాలు. ఎండ్‌మిల్లు అడుగున నడిమధ్య వేగం సున్నా, అది కోయదు, రుద్దుతుంది, కాబట్టి ఎండ్‌మిల్లును రాడ్డు సెంటర్ నుంచి పక్కకు 2 మి.మీ. జరపండి. ఈ సైజు మిల్లులో కోత లోతు 0.2 మి.మీ. దాటనివ్వకండి. ఊనో జీఆర్‌బీఎల్‌కు మూడే యాక్సిస్‌లు, నాలుగోది కావాలంటే ఫ్లూయిడ్‌ఎన్‌సీ లాంటి కంట్రోల్ ప్రోగ్రామ్ నడిచే బోర్డు పెట్టాలి. వ్యాసం మారితే డిగ్రీల ఫీడ్ లెక్క తప్పుతుంది, కదలిక ఎంత సమయంలో ముగియాలో చెప్పే జీ93 కమాండ్ వాడండి.

లేతుతో పోలిస్తే చాలా నెమ్మది, అది నిజమే. కానీ నాబు చుట్టూ గాడులు, పక్కన స్క్రూ రంధ్రం, ఒక చదును ముఖం, ఇవన్నీ చక్ విప్పకుండా ఒకే బిగింపులో వస్తాయి, మామూలు లేతు మీద అలా రావు.

పాతటర్నర్:
బాగుంది. మరి బోరు (రాడ్డు నడుమ పొడవునా వేసే రంధ్రం) సంగతి? చక్ పడుకుని ఉంటుంది, స్పిండిల్ పైనుంచి దిగుతుంది, రాడ్డు చివర రంధ్రం ఎలా వేస్తారు? లేతుకైతే రాడ్డు చివరకు ఎదురుగా డ్రిల్లు పట్టే టెయిల్‌స్టాక్ ఉంది. బుష్ అంటేనే బోరు, నాబుకూ షాఫ్ట్ రంధ్రం ఉండాలి.

గ్యారేజ్‌మిల్లు:
అసలు చిక్కు అక్కడే అన్నా. బోరే ముందు చెయ్యాలి. ముక్క కోసి వైస్‌లో నిలబెట్టి 5.8 మి.మీ. డ్రిల్లు వేసి, రంధ్రాన్ని సరైన సైజుకు తెచ్చే 6 మి.మీ. రీమర్ చేత్తో తిప్పాలి. తర్వాత 6 మి.మీ. మాండ్రెల్‌ను (ముక్క తొడిగే కడ్డీని) చక్‌లో పట్టి, రన్‌అవుట్ (సెంటర్ తప్పి ఊగడం) డయల్‌తో చూసుకుని, ముక్క దాని మీద బిగించి బయటివైపు మిల్లు చేస్తే బోరుకూ బయటి వ్యాసానికీ సెంటర్ కలుస్తుంది. నాబుకు ఇది చాలు. బేరింగ్ సీటుకో, ప్రెస్ ఫిట్ (నొక్కి బిగించే) బుష్‌కో మాత్రం నేనూ మీ లేతు షాపుకే పంపిస్తాను, ఈ బెల్టు వదులుతో అంత సైజు పట్టుకోవడం కష్టం.