టైకో బిలం చుట్టూ ఆ నల్లటి వలయం ఏమిటి?

నమస్కారమండీ. మొన్న పున్నమినాడు 6 అంగుళాల టెలిస్కోపుతో చంద్రుడి దక్షిణాన ఉన్న టైకో బిలాన్ని చాలాసేపు చూశాను. 85 కిలోమీటర్ల వెడల్పు, వయసు 10 కోట్ల ఏళ్ల పైచిలుకు. చంద్రుడి లెక్కలో పసిబిడ్డే! బిలం నుంచి తెల్లటి చారలు ఎంత దూరం పాకాయో చెప్పలేను.

అయితే అంచును ఆనుకుని, చారలు మొదలయ్యే లోపే, మసి పూసినట్టు ఒక వలయం కనబడింది. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మార్చినా అలాగే ఉంది. గ్రహశకలం ఢీకొని ఈ బిలం ఏర్పడినప్పుడు కరిగి గాజులా గడ్డకట్టిన రాయి వల్లేనా ఆ నలుపు? చారలు కూడా పడమటి వైపు బాగా పలచగా ఉన్నాయి. ఆ గ్రహశకలం ఏటవాలుగా వచ్చి తగిలిందనుకోవచ్చా?

నడిమి శిఖరం, మెట్లు మెట్లుగా దిగే గోడలు మాత్రం పున్నమి వెలుగులో సరిగా తేలలేదు. నీడలు పొడుగ్గా పడే నవమి, దశమి రోజుల్లో చూస్తే మేలా? చూసినవాళ్లు దయచేసి చెప్పండి.