రాత్రిపూట ఫైలేరియా రక్తపరీక్ష: ఇవ్వాలా, వద్దా?

నాగావళి: మాది శ్రీకాకుళం పక్క పల్లె. ఈ వారంలో రాత్రి పది దాటాక ఇంటింటికీ వచ్చి ఫైలేరియా (బోదకాలు జబ్బు) పరీక్షకి రక్తం తీస్తామని ఆశా వర్కర్ చెప్పి వెళ్ళింది. మా వీధిలో సగంమంది తలుపు తీసేది లేదంటున్నారు. మీ ఊళ్ళో ఏం చేశారు?

టెక్కలి బాబాయ్: తలుపు తీయకండి. రక్తం కావాలంటే పగలు తీసుకోవచ్చు, ఆసుపత్రి తెరిచే ఉంటుంది. పొలం నుంచి వచ్చి నడుం వాల్చే వేళకి తలుపు కొట్టడమేమిటి? ఈ జబ్బు మీద 1955 నుంచి దేశంలో కార్యక్రమం నడుస్తోంది. 2015కల్లా పోగొడతామన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు. మా ఇంటి ముందు మురుగు మాత్రం అలాగే ఉంది. దోమ పుట్టేది అందులో అయితే నా వేలు ఎందుకు పొడవాలి?

ల్యాబ్ విజయనగరం: రాత్రే ఎందుకో చెబుతాను. ఈ జబ్బు దోమకాటుతో ఒంట్లో చేరే సన్నని పురుగుల వల్ల వస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో, అంటే ఒంట్లోని నీటిని మళ్ళీ రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాల్లో ఉంటాయి. వాటి పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి, రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళకే. మధ్యాహ్నం చుక్క తీస్తే, పురుగులున్న మనిషి రక్తంలో కూడా చాలాసార్లు ఏమీ కనబడదు. వేలి నుంచి తీసిన చుక్కని స్లైడు మీద పరిచి, ఆరబెట్టి, తర్వాత రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తాం. వంకర తిరిగిన దారపు పోగులా కనబడుతుంది.

రాజాం కుర్రాడు: ఈ జబ్బుకి ఏటా ఊరంతా పంచే మాత్రలు వేసుకుంటే జ్వరం వస్తోందని మా నాయనమ్మ గొడ్ల శాలలో పారేసింది.

టెక్కలి బాబాయ్: ల్యాబ్ బాబూ, ఒకటి అడుగుతాను. బడిలో ఆరేడేళ్ళ పిల్లలకి పట్టపగలే చిన్న స్ట్రిప్ మీద రక్తం వేసి పది నిమిషాల్లో చెప్పేశారు. మాకు ఆ స్ట్రిప్పే పెట్టొచ్చు కదా? పగలు కుదిరే పరీక్ష ఉండగా రాత్రి ఎందుకు?

ల్యాబ్ విజయనగరం: స్ట్రిప్ పట్టుకునేది పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని. అది రక్తంలో ఏ వేళైనా ఉంటుంది. మాత్రలు మింగి పిల్ల పురుగులు పోయిన మనిషిలో కూడా, పెద్దది బతికుంటే స్ట్రిప్ పాజిటివే చూపిస్తుంది. ఈ మనిషి నుంచి ఇవాళ దోమకి పురుగు ఎక్కుతుందా అన్నది స్లైడు చెబుతుంది. మాత్రలు పనిచేశాయా లేదా తేల్చాలంటే స్లైడు కావాలి. రెండు పరీక్షలూ రెండు ప్రశ్నలకి.

టెక్కలి బాబాయ్: పగలు చేసే పరీక్ష ఉందని ఒప్పుకున్నారు. అంతే నాకు కావలసింది.

సిస్టర్ బొబ్బిలి: రాజాం తమ్ముడూ, ఆ జ్వరం మాత్ర పడక కాదు. ఒంట్లో పిల్ల పురుగులు ఒక్కసారిగా చస్తే జ్వరం, తలనొప్పి, వికారం వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. జ్వరం వచ్చిన ఇంట్లోనే మందు అవసరం ఉందన్నమాట. పరగడుపున వేసుకోకూడదు. ఫైలేరియా మందు డీఈసీ మాత్రలు రెండు నుంచి అయిదేళ్ళవాళ్ళకి ఒకటి, పద్నాలుగు వరకు రెండు, ఆపైన మూడు. అందరికీ ఒక ఆల్బెండజోల్, అంటే నులిపురుగుల మాత్ర. మా ముందే మింగమనేది ఎందుకంటారా? చేతిలో పెట్టి వస్తే ‘అన్నం తిన్నాక వేసుకుంటాం’ అంటారు, మళ్ళీ ఏడాది వెళ్ళేసరికి అదే పొట్లం గూట్లో కనిపిస్తుంది.

భీమవరం అల్లుడు: ఆ డీఈసీ మందు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో కనిపెట్టింది మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే. ఆ మందు మన తెలుగు ఊళ్ళల్లోనే గొడ్ల శాలలో పడుతోందంటే బాధగా ఉంది.

టెక్కలి బాబాయ్: సుబ్బారావుగారంటే నాకూ గౌరవమే. కానీ నారికురుపు ఏ మాత్రతో పోయింది? మందూ లేదు, టీకా లేదు. దిగుడుబావులు మూసి, నీళ్ళు వడగట్టుకుంటే పోయింది. దేశంలో చివరి కేసు 1996లో, 2000లో జబ్బు పోయిందని సర్టిఫికెట్ వచ్చేసింది. నీళ్ళు బాగుచేస్తే జబ్బు పోతుందనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? ముందు కాలువ తవ్వండి.

ల్యాబ్ విజయనగరం: నారికురుపు తాగే నీళ్ళతోనే వస్తుంది, దారి ఒక్కటే. ఇక్కడ దోమకి మీ కాలువ ఒక్కటే కాదు, మూతలేని సెప్టిక్ ట్యాంకు ప్రతిదీ చాలు. కాలువ వద్దని నేననడం లేదు. కానీ పెద్ద పురుగు మనిషిలో అయిదారేళ్ళు బతుకుతుంది, అన్నాళ్ళూ పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. అందుకే ఏటా మాత్రలు, కనీసం అయిదేళ్ళు, ఊరంతా. జబ్బు లేదనుకునేవాళ్ళు మింగకపోతే పురుగు వాళ్ళలో ఉండిపోతుంది. మీలాంటివాళ్ళు తలుపులు మూయించడం వల్లే ఇది పోవడం లేదు, నిజం చెప్పాలంటే.

టెక్కలి బాబాయ్: నా వల్లా? వినండి అయితే. మా అమ్మకి ఎడమ కాలు బోద. నేను బడికెళ్ళే రోజుల నుంచి చూస్తున్నాను. ఏడాదికి నాలుగైదుసార్లు గజ్జలో బిళ్ళ కట్టి, వణుకుతో జ్వరం వచ్చి, కాలు ఎర్రగా కాలిపోతుంది. వేళ్ళ సందుల్లోంచి నీరు కారుతుంది, ఆ వాసనకి ఆవిడే సిగ్గుపడి పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. ఇలాగే ఒక రాత్రి వచ్చి ఆవిడ రక్తం కూడా తీశారు. నెగెటివ్ అన్నారు, వెళ్ళిపోయారు. కాలు చూసినవాడు లేడు. పెన్షన్‌కి వెళితే రెండు కాళ్ళకీ ఉండాలట, అదీ నాలుగో గ్రేడట. మీ స్లైడులో ఆవిడకి జబ్బు లేదు, పెన్షన్ లిస్టులో లేదు. రేపు నిర్మూలన అయిపోయిందని ప్రకటిస్తారు, అప్పుడు మా అమ్మ ఏ లెక్కలోకి వస్తుంది?

నాగావళి: బాబాయ్ గారూ, ఇది మొదటే చెప్పి ఉంటే బాగుండేది.

సిస్టర్ బొబ్బిలి: కాలు బాగా వాచినవాళ్ళ రక్తంలో చాలాసార్లు పిల్ల పురుగులు కనబడవు. నాళాలు అప్పటికే పాడైపోయి ఉంటాయి. రక్తంలో లేదంటే జబ్బు లేదని కాదు, ఆ మాట ఆ రాత్రి ఇంట్లో కూర్చుని చెప్పాల్సింది. కార్యక్రమంలో ఇలాంటివాళ్ళ సంరక్షణ కూడా సగభాగం. టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, ఆయింట్‌మెంటు ఉన్న కిట్టు ఇవ్వాలి, వాడే పద్ధతి చూపించాలి. బుడ్డ ఉన్న మగవాళ్ళని ఆపరేషన్‌కి పంపాలి. మాత్రల పంపకం మీద ఉన్న ఒత్తిడి దీనిమీద ఉండదు, అది నిజం.

అమ్మకి ఇవాళ్టి నుంచే చేయండి. రోజూ మామూలు నీళ్ళతో, సబ్బుతో మెల్లగా కడగాలి, రుద్దకూడదు. ముఖ్యం తడి ఆర్పడం. పలచని నూలు గుడ్డ పీలికని ఒక్కొక్క వేలి సందులో దూర్చి, తడి లేకుండా అద్దాలి. పుండూ పగుళ్ళూ ఉంటే ఆయింట్‌మెంటు రాయాలి. పడుకున్నప్పుడు కాలికింద దిండు, నడిస్తే చెప్పులు. కాలు సన్నబడదు కానీ ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. జ్వరాలు తగ్గితే వాపు పెరగడం కూడా తగ్గుతుంది. జ్వరం వచ్చినప్పుడు మాత్రం వేడి కాపడం పెట్టకండి.

టెక్కలి బాబాయ్: ఇన్నేళ్ళలో వేళ్ళ సందుల మాట ఎవరూ చెప్పలేదు సిస్టర్. వేడినీళ్ళ కాపడమే పెడుతున్నాం.

ల్యాబ్ విజయనగరం: అమ్మగారి సంగతి చదివి మనసు కష్టంగా ఉంది. అయినా నా మాట నాదే. మీ వీధిలో ఇప్పుడు పదేళ్ళున్న పిల్లకి ఆ కాలు రాకూడదంటే రాత్రి రక్తం ఇవ్వాలి, మాత్రలు మింగాలి.

టెక్కలి బాబాయ్: పిల్లల కోసం ఇస్తాం. కానీ ఆ రాత్రే కాళ్ళు వాచినవాళ్ళ పేర్లు కూడా రాసుకోవాలి, కిట్టు ఏ రోజు తెస్తారో చెప్పాలి. చెప్పకపోతే మా వీధి తలుపు తీయదు.

ల్యాబ్ విజయనగరం: రక్తానికి షరతు పెట్టడం తప్పు బాబాయ్ గారూ. నష్టపోయేది మీ వీధే.

టెక్కలి బాబాయ్: అడగనివాళ్ళకి ఏం దొరికిందో పైన రాశాను.

సోంపేట కోడలు: మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. నాకు ఏడో నెల. మా వీధికి కూడా వస్తారట. నేను రక్తం ఇవ్వచ్చా?

సిస్టర్ బొబ్బిలి: ఇవ్వచ్చమ్మా, వేలి మీద చుక్కే. తర్వాత మాత్రలు పంచితే మాత్రం నువ్వు వేసుకోకు. రెండేళ్ళలోపు పిల్లలకీ, బాగా జబ్బుపడి మంచాన ఉన్నవాళ్ళకీ కూడా ఇవ్వకూడదు.