తరతరాల వైన్ తోట: ఒక్కరికే రాసివ్వాలా, పిల్లలందరికీ పంచాలా?

గోదావరి గట్టు:

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో షాటో దీకెమ్ అనే తోట ఉంది. తీపి వైన్‌లో దానికి సాటి లేదంటారు. 1785లో ఒక పెళ్లితో అది ల్యూర్ సాల్యూస్ వంశం చేతికి వచ్చింది. పంట తమకు నచ్చకపోతే ఆ ఏడాది ఆ పేరుతో ఒక్క సీసా కూడా అమ్మరు; 1992లో అలాగే చేశారు. అంత పట్టుదల ఉన్న కుటుంబం రెండు వందల ఏళ్లు నిలిచి, చివరికి వాటాల తగాదాలో తోటను పోగొట్టుకుంది. 1996లో, తోటను నడుపుతున్న అలెగ్జాండర్ ద ల్యూర్ సాల్యూస్ అన్నగారు, మరికొందరు బంధువులు తమ వాటాలను ఎల్వీఎంహెచ్ అనే విలాస వస్తువుల కంపెనీకి అమ్మడానికి ఒప్పుకున్నారు. అలెగ్జాండర్ కోర్టుకెక్కారు. 1999లో రాజీపడి, 2004 వరకు కొత్త యజమానుల కింద అదే తోటను నడిపారు.

ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బర్గండీలో పరిస్థితి మరీ అన్యాయం. 1804 నాటి నెపోలియన్ చట్టం పిల్లలందరికీ సమాన వాటా అంది. క్లో ద వూజో చూడండి. సితో మఠం సన్యాసులు 12వ శతాబ్దం నుంచి పెంచి, చుట్టూ గోడ కట్టిన తోట. విస్తీర్ణం దాదాపు 50 హెక్టార్లు, యజమానులు ఇప్పుడు 80 మంది దాకా. కొందరికి మిగిలినవి కొన్ని సాళ్లే. నా మాట సూటిగా చెబుతాను: తోట ఒక్కరి చేతికే పోవాలి, మిగిలిన పిల్లలకు వేరే ఆస్తి ఇవ్వాలి. మీరేమంటారు?

మెతుకుసీమ:

ఆ "ఒక్కరు" ఎవరండీ? ఈ నియమం ఉన్న చోటల్లా ఎక్కువగా పెద్దకొడుకే కదా! ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు మనకు 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టసవరణతో గానీ రాలేదు. దేశమంతటికీ అది 2005 దాకా అందలేదు. ఇంత కష్టపడి తెచ్చుకున్న హక్కును, తోట బాగుండాలన్న పేరుతో వదులుకోమంటే నేను ఒప్పుకోను.

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో అంతినోరి కుటుంబం 1385 నుంచి వైన్ వ్యాపారంలో ఉంది, ఇప్పటికి 26 తరాలు. పియెరో అంతినోరికి ముగ్గురూ కూతుళ్లే. పెద్దమ్మాయి అల్బియెరా ఇప్పుడు సంస్థకు అధ్యక్షురాలు. మగవారసుడి కోసం ఎదురుచూసి ఉంటే ఆ కథ 25వ తరంతోనే ఆగిపోయేది.

బోన్ వాసి:

గోదావరి గట్టు గారూ, నేను బర్గండీలో ఒక చిన్న కుటుంబ తోటలో పని చేస్తున్నాను. మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ మీ వాదనకు బలం ఇవ్వవు.

ముందు క్లో ద వూజో. ఫ్రెంచి విప్లవంలో సన్యాసుల దగ్గర నుంచి లాక్కుని వేలం వేశాక కూడా అది దాదాపు వందేళ్లు ఒకే తోటగా ఉంది. 1889లో అప్పటి యజమానులైన ఒవ్రార్ వారసులు వ్యాపారులకు అమ్మినప్పుడు తొలిసారి విడిపోయింది. ఆ తర్వాత వారసత్వం దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసిన మాట నిజమే. కానీ మొదటి గొడ్డలి దెబ్బ అమ్మకానిది.

ఇక దీకెమ్. అక్కడ సమాన పంపకమే లేదు. అన్నగారి చేతిలో దాదాపు సగం, తోటలో రోజూ తిరిగే తమ్ముడి చేతిలో చిన్న వాటా. పనిచేసే మనిషి ఒకరు, పెద్ద వాటా ఉన్న మనిషి మరొకరు. చిక్కంతా అక్కడ మొదలైంది.

మా దగ్గర చాలా కుటుంబాలు ఏం చేస్తాయో చెబుతాను. మా తోటలో ముగ్గురు తోబుట్టువులు. వైన్ చేసేది పెద్దావిడ. తమ్ముళ్లిద్దరూ వేరే ఊళ్లలో ఉద్యోగాలు చేస్తూ తమ వాటా భూమిని ఆమెకే కౌలుకిచ్చారు. దీర్ఘకాలం అంటే ఇక్కడ 18 ఏళ్ల కౌలు. ద్రాక్షభూమి కౌలును హెక్టారుకు ఇన్ని పీపాల వైన్ అని లెక్కగట్టి, ఆ ఏటి ధర ప్రకారం డబ్బుగా చెల్లిస్తారు. బర్గండీ పీపా అంటే 228 లీటర్లు. పంటలో భాగం తీసుకునే పాలు పద్ధతి కూడా ఉంది. భూమి ముగ్గురి పేరిట ఉన్నా కత్తిరింపు ఒకే చేత, పులియబెట్టడం ఒకే నేలమాళిగలో. సీసాలో రుచికి ఏ లోటూ రాదు. పట్టాలో పేర్లు ఎన్ని ఉన్నాయో తీగకు తెలియదు. ఫిబ్రవరి చలిలో దాన్ని కత్తిరించడానికి ఎవరు వస్తారన్నదే దానికి ముఖ్యం.

ఇంకో విషయం. సేద్యం చేస్తున్న వారసుడు తోటను తనకే కేటాయించమని పంపకంలో అడిగే హక్కు ఫ్రెంచి చట్టంలోనే ఉంది. తోబుట్టువుల వాటాకు సరిపడా డబ్బు మాత్రం చెల్లించాలి.

గోదావరి గట్టు:

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందండీ? బర్గండీలో అత్యున్నత శ్రేణి ద్రాక్షభూమి సగటున హెక్టారు 60 లక్షల యూరోల పైమాటే. వైన్ అమ్మి ఆ ధరకు తోబుట్టువుల వాటా కొనాలంటే ఎన్ని తరాలు పడుతుంది? పైగా వారసత్వ పన్ను పై అంచెలో 45 శాతం. అందుకే ఒక్కరికే ఇవ్వాలంటున్నాను. పంచిన ప్రతిసారీ ఒక అప్పు పుడుతుంది.

ఊరిచివర తోట:

మా తాతగారికి హైదరాబాద్ శివార్లలో అనాబ్‌షాహి పందిళ్లు ఉండేవి. వైన్‌కు కాదు, తినే ద్రాక్షే. అన్నదమ్ములు పంచుకున్నాక కూడా తోట ఏళ్ల తరబడి కాసింది. నగరం పక్కకు వచ్చి, గజాల లెక్కన ధర పలకడం మొదలయ్యాకే పందిళ్లు తీసేసి ప్లాట్లు వేశారు. మా పెద్దనాన్న ఒక్కరి పేరిటే ఉన్నా ఆ ధరకు అమ్మేవారే. భూమి ధరకూ పంట రాబడికీ పొంతన లేనప్పుడు వారసుడు ఒకరైనా పదిమందైనా అంతే.

బోన్ వాసి:

మీరు చెప్పిందే నా మాట కూడా. దానికి గట్టి సాక్ష్యం ఇక్కడే ఉంది. క్లో ద తార్ అనే తోట 7.5 హెక్టార్లు. 1141 నుంచి ఎన్నడూ ముక్కలు కాలేదు. సన్యాసినుల తర్వాత ఒక కుటుంబం, 1932 నుంచి మొమ్మెస్సాన్ కుటుంబం. గోదావరి గట్టు గారు కోరినట్టు చీలని తోట! దాన్నే 2017లో ఫ్రెంచి కుబేరుడు ఫ్రాంస్వా పినో సంస్థ కొనేసింది. ఒకే చేతిలో ఉంది కాబట్టే ఒక్క బేరంతో చేతులు మారింది. క్లో ద వూజోను అలా కొనాలంటే 80 గడపలు ఎక్కి దిగాలి. మీరు శాపమన్న ఆ పంపకాలే నేడు దానికి కాపలా.

పన్ను సంగతికి వస్తే, ఇష్టం లేక కాదు, కట్టలేక అమ్ముకునే కుటుంబాలను నేను చూస్తున్నాను. వారి పక్షాన నాకూ కోపమే. కుటుంబమంతా వాటాలు అమ్మబోమని ఒప్పందం రాసుకుని తోటను నడిపిస్తే విలువలో 75 శాతానికి మినహాయింపు ఇచ్చే చట్టం ఉంది. కొన్ని కుటుంబాలు దానివల్లే గట్టెక్కాయి. పోరాడాల్సింది ఆ మినహాయింపును చిన్న రైతుకు అందుబాటులోకి తేవడం కోసం. చెల్లెలి వాటా తగ్గించడం కోసం కాదు.

మెతుకుసీమ:

అంతినోరి వారి సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1980లలో పియెరో తమ్ముడు, సోదరి బయటికి వెళ్లాలనుకున్నారు. అప్పుడు బ్రిటన్‌కు చెందిన విట్‌బ్రెడ్ బీరు కంపెనీకి వాటా ఇవ్వాల్సి వచ్చింది. దాన్ని పియెరో తర్వాత తిరిగి కొనుక్కున్నారు. అది చవిచూసినవారు కాబట్టే కూతుళ్ల కోసం ఆస్తిని 90 ఏళ్ల ట్రస్టులో పెట్టారు. ముగ్గురికీ హక్కు ఉంది, తోట ముక్కలు కాదు.

గోదావరి గట్టు:

ట్రస్టు దారి నాకు సమ్మతమే, ఆడపిల్లల హక్కు మీద నాకు అభ్యంతరమూ లేదు. కానీ బోన్ వాసి గారూ, మీ యజమానురాలి కౌలు 18 ఏళ్లకు ముగుస్తుంది. అప్పటికి ఆ తమ్ముళ్ల స్థానంలో వారి పిల్లలుంటారు. ఆ తోటలో ఒక్క వేసవి కూడా గడపనివారు. హెక్టారు ధర విన్న రోజున వాళ్లు కౌలు పొడిగిస్తారని మీరు హామీ ఇవ్వగలరా? 1996లో దీకెమ్ వాటాలు అమ్మింది కూడా ఆ ఇంట పుట్టినవారే.

బోన్ వాసి:

హామీ ఇవ్వలేను. అందుకే మా పెద్దావిడ మేనల్లుళ్లను, మేనకోడళ్లను ఏటా కోతలకు పిలుస్తారు. కూలీలతో సమానంగా డబ్బిచ్చి పని చేయిస్తారు. కౌలు పత్రాన్ని కూడా గడువు దగ్గర పడేదాకా ఆగకుండా ముందే తిరగరాయిస్తున్నారు.