గే సైనికుల్ని తీసేస్తే సైన్యం పరువు నిలుస్తుందా?

కృష్ణాతీరం:
పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధం నేరం కాదంటూ 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబర్‌లో వచ్చింది. నాలుగు నెలలకే అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్, మాది సంప్రదాయం పాటించే సైన్యం, ఇలాంటివి ఇక్కడ సాగనివ్వం అన్నారు. గే అని తెలిస్తే ఇంటికి పంపేయడం వల్ల జనంలో సైన్యం పేరు నిలుస్తుందా, పోతుందా?

మాజీ హవల్దార్:
పేరుకొచ్చిన లోటేం లేదండీ. మా వైపు తండ్రులు కొడుకుల్ని భర్తీ ర్యాలీకి పంపేదే క్రమశిక్షణ చూసి. బ్యారక్‌లో మంచం పక్కన మంచం, స్నానాలూ కలిసే. ఏసీ గదిలో కూర్చుని టైప్ చేసేవాళ్లకి ఆ బతుకేం తెలుసు?

ఓరుగల్లు:
అన్నా, అచ్చం ఈ మాటే బ్రిటన్ రక్షణ శాఖా చెప్పింది. నిషేధం ఎత్తేస్తే జవాన్లు ఊరుకోరంది. యూరప్ మానవ హక్కుల కోర్టు 1999లో తప్పుబట్టాక 2000 జనవరిలో ఎత్తేశారు. మూకుమ్మడి రాజీనామాలూ లేవు, ఏమీ లేవు. జనానికి గుర్తుండిపోయింది వేరే. ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పనిచేసిన నేవీ రేడియో ఆపరేటర్ ఒకాయన, 18 ఏళ్ల సర్వీసు. 1993లో తీసేస్తూ యూనిఫాం మీది మెడల్‌ని కత్తెరతో కత్తిరించుకుపోయారు. అదీ సత్ప్రవర్తనకిచ్చిన మెడల్! ఆ మెడల్ తిరిగి తెచ్చుకోడానికి ఆయన కోర్టుకెక్కాల్సొచ్చింది. 2023లో ప్రధాని సునాక్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. పరువు కాపాడతామని చేసిన పనికి పరువే పోయింది.

మాజీ హవల్దార్:
వాళ్ల జనం మారారు కాబట్టి సిగ్గుపడ్డారు తమ్ముడూ. మా ఊరు మారిందా? మా సర్పంచిని అడిగి చూడు.

పటాన్‌చెరు పిల్ల:
జనం మారకపోయినా నవ్వులపాలు కావచ్చు అంకుల్. 2001 దాడుల తర్వాత అమెరికాకి అరబిక్ వచ్చినవాళ్లు చాలక ఇబ్బంది. 2002లో అదే సైన్యం, మాంటెరీలోని తన భాషా శిక్షణ సంస్థలో అరబిక్ నేర్చుకుంటున్నవాళ్లని గే అని పంపేసింది. గేల హక్కులు పట్టనివాళ్లక్కూడా అది తిక్కపనే. గే అని బయటపడితే తీసేయమనే ఆ చట్టం పోయేసరికి 2011 అయింది, అప్పటికి 13 వేలమందికి పైగా ఇంటికెళ్లారు. సర్పంచి గారినడిగేటప్పుడు ఇదీ చెప్పి అడగండి.

మాజీ హవల్దార్:
చదువు చెప్పించి పంపేయడం దండగే, ఒప్పుకుంటా. బ్యారక్ విషయంలో నా మాట మారదు. కానీ ఆ మెడల్ కత్తిరించడం ఏంటండీ? పంపితే పంపండి, వాడు సంపాదించుకున్నది లాక్కోడానికి మీరెవరు?