అప్‌డేట్: క్యారవాన్ మురుగు ట్యాంకు కడిగే గొట్టం తెరుచుకుంది

మా క్యారవాన్ మురుగు ట్యాంకును లోపల కడిగే గొట్టంలో నీళ్లు ఆగిపోయాయని, ట్యాంకు కోయించాలా అని పోయిన నెల అడిగాను. ఆ అవసరం రాలేదు. ఒంగోలులో ఇంటి ముందే విప్పాను. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వులో తెల్లటి పెచ్చు, గోరుతో గీకితే సున్నంలా రాలింది. రెండేళ్లుగా కనిగిరి వైపు బోరు నీళ్లు వాడటమే కారణమని నా నమ్మకం. రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే బుడగలు లేచి పెచ్చు కరిగింది. ఈ వెనిగర్ చిట్కా చెప్పిన అన్నయ్యకు నిండు మనసుతో కృతజ్ఞతలు.

ట్యాంకు లోపల నీళ్లు చిమ్మే నాజిల్ రంధ్రాలు మాత్రం సగమే తెరుచుకున్నాయి. అందుకే టాయిలెట్ గుండా పొడవాటి స్ప్రే కడ్డీ దించి కడుగుతున్నాను. కడిగేటప్పుడు ట్యాంకు బయటి వాల్వు తెరిచే ఉంచండి, లేకపోతే మురుగు పైకి తన్నుతుంది. తాగునీటి గొట్టాన్ని దీనికి అసలు వాడకండి.