148 నుంచి 2.0కి దిగితే ఇంకా 'హై' ఏంది?

మిర్యాలగూడ తమ్ముడు: రాత్రి పదింటి నుంచి చూస్తున్నా, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మార్చిలో వీర్యానికి చేసిన ఆక్సిడేటివ్ స్ట్రెస్ టెస్టులో 148 వచ్చింది. మూడు నెలలు యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగినా. ఇప్పుడు వేరే ల్యాబ్‌లో చేయిస్తే 2.0. అయినా పక్కన ఎర్రగా 'హై' అని కొట్టిండ్రు. ఎట్లా?

దేవరకొండ అక్క: ముందు టెన్షన్ తగ్గించుకో తమ్ముడూ. స్ట్రెస్ అని వాళ్లే రాసిండ్రు కదా.

ల్యాబ్ అన్న: యూనిట్లు? వీర్యకణాల కౌంట్?

నీళ్ల మాస్టారు: తాగేది బోరు నీళ్లేనా? పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుంది. పేరు మనది, ఆ నీళ్లు తాగేదీ మనమే.

ల్యాబ్ అన్న: మాస్టారూ, అడిగింది వీర్యం సంగతి.

మిర్యాలగూడ తమ్ముడు: యూనిట్లు కూడా చూడాలా? మొదటిదాంట్లో ఆర్ఎల్‌యూ, రెండోదాంట్లో ఎంవీ. కౌంట్ 6 మిలియన్లు.

ల్యాబ్ అన్న: చూడాలా అంటే ఎట్లా! వడ్ల బస్తాల్లోంచి గజాల గుడ్డ తీసేసినట్టుంది నీ లెక్క. మొదటిది లూమినాల్ కలిపి, ఫ్రీ రాడికల్స్ వల్ల వచ్చే వెలుగును ఆర్ఎల్‌యూల్లో కొలిచే టెస్టు. రెండోది ఓఆర్‌పీ, అంటే ఆక్సిడెంట్లకూ యాంటీఆక్సిడెంట్లకూ మధ్య తూకం, మిల్లీవోల్టుల్లో. పైగా దాన్ని కౌంట్‌తో భాగిస్తారు. నీకు 12 వచ్చి ఉంటుంది, 6తో భాగిస్తే 2.0. అదే 12, కౌంట్ 20 ఉన్నోడికి 0.6 అయితది. గీత 1.34 దగ్గర గీస్తారు, దాటితే 'హై'. నీ 'హై'లో కౌంట్ తక్కువుండటం వాటా కూడా ఉంది.

దేవరకొండ అక్క: అయితే టెన్షన్ కాదా?

ల్యాబ్ అన్న: కాదక్కా, ఇది ఫ్రీ రాడికల్స్ ఎక్కువై కణాల్లో జరిగే నష్టం.

నీళ్ల మాస్టారు: అందుకే 'ఒత్తిడి' అనొద్దంటా. 'ఆక్సీకరణ భారం' అనాలి.

ల్యాబ్ అన్న: పుస్తకాల్లో 'ఆక్సీకరణ ఒత్తిడి' అనే ఉంది సార్. తమ్ముడూ, కారణం తేలాలె: వీర్యంలో తెల్లకణాలు మిలియన్ దాటినయా? వేరికోసీల్, అంటే వృషణాల కాడ నరాలు ఉబ్బడం, చూపించినవా? పనేంది?

మిర్యాలగూడ తమ్ముడు: తెల్లకణాల గడి ఖాళీ. స్కాన్ తీయలే. రైస్ మిల్లులో, బాయిలర్ కాడ.

ల్యాబ్ అన్న: ఆ మాట మొదటే చెప్పాలె గదా! వృషణాలకు వేడి పడదు. మాత్రలను నమ్ముకుని కూర్చోకు. 2020లో వచ్చిన మాక్సి ట్రయల్‌లో యాంటీఆక్సిడెంట్లతో వీర్యం మెరుగుపడలేదు. రెండు రిపోర్టులూ పట్టుకుని యూరాలజిస్టును కలువు. మళ్లీ చేయిస్తే అదే టెస్టు, అదే ల్యాబ్.

మిర్యాలగూడ తమ్ముడు: సరే అన్నా. షిఫ్టు టైమైంది, పోతున్నా.

నీళ్ల మాస్టారు: బోరు సంగతి చెప్పనే లేదు.