రేకుల షెడ్డులో యూడబ్ల్యూబీ దూరం ఎక్కువ చూపిస్తోంది, ఎందుకు?

పలాస_కుర్రాడు:
మా మావయ్యగారి జీడిపిక్కల గోడౌన్లో ట్రాలీ ఎక్కడుందో ఫోన్లో కనిపించేలా చేస్తున్నాను. బ్లూటూత్ సిగ్నల్ బలాన్ని బట్టి చూస్తే ట్రాలీ కదలకపోయినా ఒకసారి 2 మీటర్లు, ఒకసారి 7 అంటోంది, అందుకని యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్, రేడియో పల్స్ ప్రయాణానికి పట్టే టైమును బట్టి దూరం కొలిచేది) చిప్పు డీడబ్ల్యూ1000 ఉన్న మాడ్యూళ్లు తెప్పించాను. యాంకర్లు, అంటే కదలకుండా ఉండే మాడ్యూళ్లు, పైన ట్రస్సుకి (కప్పు మోసే ఫ్రేముకి), 5 మీటర్ల ఎత్తులో. ట్యాగు, అంటే కదిలే మాడ్యూల్, ట్రాలీ మీద, మీటరు ఎత్తు. అంకెలు నిలకడగానే ఉన్నాయి గానీ, యాంకర్ కింద నుంచి టేపుతో 3 మీటర్లు కొలిచి పెడితే 5.3 చూపిస్తోంది, 20 దగ్గర 20.7. బస్తాల వెనక్కి వెళ్తే ఇంకా ఎక్కువ. చిప్పులు నకిలీవా? పది సెంటీమీటర్ల తేడా అన్నారే!

కోట_జంక్షన్:
చిప్పుల్ని తిట్టకు తమ్ముడూ. అది కొలిచేది ఏటవాలు దూరం, నువ్వు టేపు పట్టింది నేల మీద. ఎత్తు తేడా 4, నేల మీద 3, కర్ణం 5. అదే 20 దగ్గరైతే 20.4, అందుకే దూరం పోయేకొద్దీ ఈ తేడా తగ్గిపోతుంది. ఇది తీసేస్తే రెండు చోట్లా 0.3 మిగిలింది చూశావా, అది యాంటెన్నా డిలే అయ్యుంటుంది. రేడియో తరంగం నానోసెకనుకి 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి చిప్పు నుంచి యాంటెన్నా దాకా పట్టే ఆ కాస్త టైమూ దూరంలో కలిసిపోతుంది. తెలిసిన దూరంలో పెట్టి, తేడా పోయేదాకా చిప్పులో ఆ డిలే విలువ ఉండే రిజిస్టరు సర్దు. మాడ్యూల్ మాడ్యూల్‌కీ మారుతుంది, ఒకదాని విలువ ఇంకోదానికి ఎక్కించకు.

బొబ్బిలి_బావ:
పై లెక్క కరెక్టే. ఒక మెసేజ్, ఒక జవాబు పద్ధతి మాత్రం వాడకు, రెండు మాడ్యూళ్ల గడియారాలు నడిపే క్రిస్టల్స్ మధ్య 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) తేడా ఉండి జవాబుకి మిల్లీసెకను పట్టిందంటే మీటరున్నర తప్పు. డబుల్ సైడెడ్ (రెండు వైపుల నుంచీ కొలిచి గడియారాల తేడాని కొట్టేసే పద్ధతి) పెట్టుకో, లేకపోతే మధ్యాహ్నం రేకులు కాలి క్రిస్టల్స్ వేడెక్కేసరికి పొద్దున చేసిన కాలిబ్రేషన్ గోవిందా. ఇక బస్తాల సంగతి. 80 కిలోల బస్తాలు వరసలు కట్టాక నేరుగా వచ్చే పల్స్ నీరసించిపోతుంది, రేకుకి తగిలి చుట్టూ తిరిగొచ్చినదాన్నే చిప్పు మొదటిదనుకుంటుంది. అందుకే అక్కడ తప్పు ఎక్కువ వైపే. ఫస్ట్ పాత్ పవర్‌కీ (మొదట చేరిన పల్స్ బలానికీ) మొత్తం పవర్‌కీ తేడా 10 డీబీ (డెసిబెల్స్) దాటితే ఆ యాంకర్ మాట నమ్మకు. అవునూ, యాంకర్లన్నీ ఒకే గీతలో కట్టలేదు కదా?

పలాస_కుర్రాడు:
ఒకే ట్రస్సుకే ఉన్నాయి బావా, వైరింగు అక్కడే కుదిరింది.

బొబ్బిలి_బావ:
అయితే ట్రాలీ గీతకి ఇటున్నా అటున్నా దూరాలు ఒకటే, ఏ పక్కనుందో తేలదు. రెండింటిని ఎదురెదురు గోడలకి మార్చు.

పలాస_కుర్రాడు:
ఎత్తు కూడా తగ్గించేయనా?

కోట_జంక్షన్:
వద్దు, బస్తాలు ఇంకా అడ్డమొస్తాయి. ట్యాగు ఎత్తు 1 అని ఫిక్స్ చేసి 2డీలోనే లెక్క కట్టు.